మురుగు వాలు ఎటువైపు?

జూన్‌లో గోదావరి పశ్చిమ డెల్టా కాలువలకు నీళ్లు వదులుతారు. మా పెంటపాడు ప్రాంతంలో సార్వా పనులతో పాటే దోమల కాలమూ మొదలవుతుంది. ఆకుమడులు, ఊడ్పులు, నిండిన పంట బోదెలు, గుర్రపుడెక్క పట్టిన మురుగు కోడులు ఉన్న ఈ నేలలో దోమకు కరువన్నది లేదు. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేవరకు దానికి కావలసింది వారం పది రోజుల పాటు కదలకుండా నిలిచిన నీరు. ఇది ఆరోగ్య శాఖ మాట్లాడుకోవలసిన విషయం కదా, కులం గురించి చర్చించే పేజీలో దీనికి చోటెందుకని కొందరు అనవచ్చు. దోమ కులం చూసి కుట్టదన్నది నిజమే. అయితే నీరు ఎక్కడ నిలవాలో నిర్ణయించేది వర్షం ఒక్కటే కాదు.

డెల్టాలో ఏ ఊరి పటం గీసినా మెరక మీద గుడి, రైతుల మేడలు, కొట్లు కనిపిస్తాయి. పల్లంలో మాలపేట, మాదిగపేట ఉంటాయి. నేను పుట్టి పెరిగింది అలాంటి ఒక పేటలోనే. మా ఊరి ప్రధాన వీధికి ఇరువైపులా సిమెంటు కాలువలు కట్టినప్పుడు పేట మొదలయ్యే చోట కట్టడం ఆగిపోయింది. కాంట్రాక్టరు బిల్లు అక్కడితో ముగిసింది గాని నీటి ప్రవాహం ముగియలేదు. ఊరి మేడల మురుగంతా మా వాకిళ్ల ముందు మడుగు కట్టింది. కొన్నేళ్లకు పేటలో కూడా సిమెంటు రోడ్డు వేశారు. పక్క కాలువ లేకుండా, పాత రోడ్డు మీదే అడుగు ఎత్తున వేశారు. ఇళ్లు రోడ్డు కంటే పల్లమైపోయాయి. లెక్కల్లో అది దళితవాడ అభివృద్ధి. ఆ రోడ్డెక్కాలంటే మా నాయనమ్మ మెట్టెక్కినట్టు కాలెత్తవలసి వచ్చేది. ఆమెకు బోదకాలు.

బోదకాలు దోమ ఒక రాత్రిలో తెచ్చిపెట్టే జబ్బు కాదు. మురుగులో పెరిగే క్యూలెక్స్ దోమ నెలల తరబడి, ఏళ్ల తరబడి కుడితే గాని పురుగు శరీరంలో స్థిరపడదు. అంటే, ఒక మనిషి ఎన్నేళ్లు మురుగు పక్కన నిద్రపోయిందో చెప్పే సాక్ష్యం ఆ కాలు. దాని పిల్ల క్రిములు రాత్రిపూటే పైనరాల రక్తంలోకి వస్తాయి గనుక నా చిన్నతనంలో ఆరోగ్య సిబ్బంది పది దాటాక వచ్చి, నిద్రలేపి వేలికొస నుంచి నెత్తురు తీసుకునేవారు. గజ్జల్లో బిళ్ల కట్టి చలిజ్వరం వచ్చినప్పుడల్లా నాయనమ్మకు నాలుగు రోజుల కూలి పోయేది. తగ్గగానే మళ్లీ ఊడ్పులకు దిగేది. వాచిన కాలు బురదలో నానితే పగుళ్లు, పగుళ్ల నుంచి మళ్లీ జ్వరం. డాక్టరు కాలు పొడిగా ఉంచుకోమన్నాడు. వరిచేలో కూలికి వెళ్లే మనిషికి ఇచ్చిన సలహా అది! రెండు కాళ్లకూ నాలుగో దశ బోద ఉంటే రాష్ట్రం పింఛను ఇస్తుంది. నాయనమ్మకు వాచింది ఒక కాలే.

పెంటపాడు పేరు చెప్పగానే కాలేజీ హాస్టల్లో నవ్వేవారు. నల్లమలలో చెంచుల ఆవాసాలను పెంటలే అంటారని, ఆ మాటకు ఆవాసమనే అర్థం కూడా ఉందని తరువాత తెలుసుకున్నాను. ఆ నవ్వులో ఉన్న తర్కమే దోమల విషయంలోనూ పనిచేస్తుంది. మురికి ఉంటే దోమ, దోమ ఉంటే జబ్బు, మురికి పేటవాళ్ల అలవాటు! డెంగీ, చికున్‌గున్యాలను తెచ్చే ఏడిస్ దోమ ఈ తర్కాన్ని పూర్తిగా తిప్పికొడుతుంది. అది పగటిపూట కుడుతుంది. ఇళ్ల లోపల, చుట్టుపక్కల నిలవ ఉన్న మంచినీటిలో పుడుతుంది. సాధారణంగా తాను పుట్టిన చోటు నుంచి వందా రెండు వందల మీటర్లు దాటి పోదు. మేడ మీద పూలకుండీ కింద పళ్లెం, వాడని ఎయిర్ కూలరు, మూత లేని ట్యాంకు దానికి చాలు. పేటలో కూడా అది పుడుతుంది. కుళాయి వచ్చే కాసేపట్లో పట్టుకున్న నీళ్లను డ్రమ్ముల్లో దాచుకోక తప్పదు కనుక పుడుతుంది. శుక్రవారం డ్రై డే అని, డ్రమ్ములు బోర్లించమని సిబ్బంది చెప్పిపోతారు. శనివారం తాగడానికి నీళ్లెక్కడివో వారు చెప్పరు.

మెదడువాపు వ్యాధి సంగతి మరింత విచిత్రం. దాన్ని మోసే దోమలు వరిచేలలో పుడతాయి. వైరస్‌ను ప్రకృతిలో నిలిపి ఉంచేవి కొంగల జాతి పక్షులు. దాన్ని పెంచి దోమలకు అందించేవి పందులు. జబ్బు మాట వినబడగానే అధికారుల చూపు పందుల మీద, అంటే వాటిని పెంచి బతికే ఎరుకల కుటుంబాల మీద పడుతుంది. పందులను ఊరవతలకు తరలించమంటారు, పరిహారం ఊసెత్తరు. వరిచేను మీద గాని, కొల్లేటి కొంగల మీద గాని ఎవరూ వేలెత్తరు. ఎత్తమని నేనూ అనను. కొంగను చూడడానికి పర్యాటకులు రావాలి, పంటకు మద్దతు ధర రావాలి. కాని ముగ్గురు భాగస్వాములున్న జబ్బులో శిక్ష ఒక్కరికే ఎందుకు పడుతున్నదో విద్యార్థి మిత్రులు ఆలోచించాలి.

ఏటా ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం జరుపుతారు. 1897లో ఆ రోజున సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ అందుకున్నాడు. దోమకు అణా చొప్పున తీసుకుని ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్. ఆ రోజున ఆయన్ని తలుచుకునేవారు తక్కువ.

ఇక కాలువలో దిగేదెవరు? పూడిక తీసే చేతులు ఏ పేట నుంచి వస్తాయో గోదావరి జిల్లాల్లో ఎవరినీ అడగనక్కరలేదు. 2013 నాటి చట్టం పాకీపనిని నిర్వచించినప్పుడు పాయిఖానాలను మాత్రమే కాదు, అపరిశుభ్ర మరుగుదొడ్ల మలం చేరే బహిరంగ కాలువలను కూడా అందులో చేర్చింది. మేడల సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగిన నీటిని గొట్టం వేసి వీధి కాలువలోకి వదలడం మన ఊళ్లలో మామూలు. అలాంటి కాలువలోకి చేతితొడుగులు, బూట్లు లేకుండా మనిషిని దించడం చట్టం స్ఫూర్తికే విరుద్ధం. మురుగుగుంతల్లో మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లోను, 30 లక్షలు ఇవ్వాలని 2023లోను సుప్రీంకోర్టు ఆదేశించింది. చావకుండా జ్వరాలతో, చర్మవ్యాధులతో బతికేవారికి ఏ లెక్కా లేదు.

మొన్న వర్షాలకు మా పేట దగ్గర ఆగిన పొగ యంత్రం కుర్రాణ్ణి లోపలికి కూడా రమ్మన్నాను. "మెయిన్ రోడ్డు వరకే డీజిలు పోశారండీ, నన్నేం చెయ్యమంటారు మావయ్యగారూ" అన్నాడు. అతనూ మా పక్క ఊరి పేటవాడే. అతన్ని తప్పుపట్టలేదు. పొగ ఎగిరే దోమలను కాసేపు చంపుతుంది. నిలిచిన నీటిలోని పిల్లలు రెండు రోజులకు మళ్లీ లేస్తాయి. కావలసింది పొగ కాదు, వాలు. పేటను దాటి మురుగు కోడు వరకు సాగే కాలువ కావాలి. ఉప ప్రణాళిక నిధులతో వేసే ప్రతి రోడ్డుకూ ముందు పక్క కాలువ కట్టాలి. పూడికకు యంత్రం, నెలనెలా జీతం, ఇంటింటికీ నిరంతరం నీళ్లు కావాలి.

ఈ వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో పేట కుర్రాళ్లు టేపు పట్టి కొలిచారు. పేట మొదటి నుంచి కోడు వరకు కట్టవలసిన కాలువ పొడవు, ప్రధాన వీధిలో మరో పొర సిమెంటు వేయడానికి ప్రతిపాదించిన రోడ్డు పొడవులో సగం కూడా లేదు. రెండు కొలతలూ ఒకే కాగితం మీద రాసి గ్రామసభలో ఇచ్చారు. రసీదు అడిగి తీసుకున్నారు.