మాత్ర కంటే ముందు స్కాన్



ఈ సంచికను పక్షవాతం వచ్చిన తొలి గంటల చికిత్సకు కేటాయించాం. గుండెనొప్పికి ఆస్పిరిన్ నమలాలన్న సలహా జనంలో బాగా నాటుకుంది. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా అదే మాత్ర వేసేవాళ్లున్నారు. మెదడులో గడ్డ అడ్డుపడిందో, రక్తనాళం చిట్లిందో సీటీ స్కాన్ తీసేదాకా వైద్యులే చెప్పలేరు. చిట్లిన నాళానికి ఆ మాత్ర చేటు చేయవచ్చన్నదే మా ఆందోళన.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతానికి ఆసుపత్రిలో ఇచ్చే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్ ఆ గడ్డలోని ఫైబ్రిన్ పోగులను తెంపే ప్లాస్మిన్‌ను పుట్టిస్తుంది. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్లు గుమిగూడకుండా చూస్తుంది. తెరుచుకున్న నాళం మళ్లీ మూసుకుపోవచ్చు కనుక రెండూ కలిపితే మేలని ఎవరికైనా తోస్తుంది. గుండెపోటులో గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌తో ఆస్పిరిన్ కలిపితే ప్రాణాలు దక్కాయని 1988లో ఐసిస్-2 ప్రయోగం తేల్చింది కూడా.

మెదడు దగ్గర ఆ లెక్క తప్పింది. నెదర్లాండ్స్‌లో 642 మందితో ఆర్టిస్ ప్రయోగం జరిగింది. ఆల్టెప్లేజ్ మొదలైన గంటన్నరలోపే కొందరికి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఎక్కించారు. కోలుకోవడంలో లాభం కనబడలేదు. లక్షణాలు ముదిరేంతటి రక్తస్రావం మాత్రం 4.3 శాతం మందిలో వచ్చింది, ఆస్పిరిన్ ఇవ్వనివారిలో 1.6 శాతమే. ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. 2012లో వెలువడిన ఈ ఫలితం మాకెంతో విలువైనది. ఆల్టెప్లేజ్ తర్వాత 24 గంటలు ఆగి, మళ్లీ స్కాన్ చూశాకే ఆస్పిరిన్ మొదలుపెట్టే పద్ధతికి అది బలమిచ్చింది.

సబబుగా తోచినదాన్ని కూడా రోగి మేలు కోసం పరీక్షకు పెట్టాలన్న పట్టుదలే ఈ సంచికలోని రచయితలందరినీ కలిపింది. రోజూ ఆస్పిరిన్ వాడేవారు కంగారుపడనక్కర్లేదు, అంతమాత్రాన ఆల్టెప్లేజ్ అందకుండా పోదు. ఆ సంగతీ, లక్షణాలు మొదలైన సమయమూ ఆసుపత్రిలో చెప్పండి. ఈ ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.