డెట్రాయిట్ బడుల కథ

అమెరికాలోని డెట్రాయిట్ నగర ప్రభుత్వ బడుల్లో 1966లో దాదాపు 3 లక్షల మంది పిల్లలు ఉండేవారు. ఇప్పుడు సుమారు 50 వేలు. కార్ల ఫ్యాక్టరీలు జోరుమీదున్న కాలంలో అక్కడి కాస్ టెక్నికల్ హైస్కూల్లో డ్రాఫ్టింగ్‌తో పాటు హార్ప్ వాయించడమూ నేర్పేవారు. గాయని డయానా రాస్ చదివింది అక్కడే.

తెల్లవారి కుటుంబాలు శివార్లకు తరలాయి, పన్ను రాబడీ వాటి వెంటే పోయింది. నల్లజాతి, తెల్లజాతి పిల్లలను కలిపి చదివించే ఏర్పాటులోకి శివారు బడులను లాగకూడదని 1974లో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది. అసలు దెబ్బ అదేననాలి.

1994 తర్వాత రాష్ట్ర నిధులు విద్యార్థి లెక్కన వచ్చాయి. ప్రభుత్వ నిధులతోనే విడిగా నడిచే చార్టర్ బడికి పిల్లవాడు మారితే డబ్బూ పోయేది. పైకప్పు మరమ్మతు, చలికాలపు హీటింగ్ ఖర్చు మాత్రం తగ్గేవి కావు. అప్పులు పేరుకున్నాయి. ఎన్నికైన బడుల బోర్డును 1999లో రాష్ట్రం పక్కనపెట్టింది, 2009లో ఆర్థిక వ్యవహారాలు చూసేందుకు అత్యవసర మేనేజర్‌ను నియమించింది. లోటు తీరలేదు. 2016లో చదువు చెప్పేందుకు కొత్త సంస్థ పుట్టింది. పాతది పన్నులు వసూలు చేసి బాకీలు తీర్చడానికే మిగిలింది.