సాంచా కూడా కార్తూసే

మన లాల్‌గడి మలక్‌పేట్ వైపు కూడా, కాల్చిన కార్తూస్‌ని మళ్లీ నింపే వీడియోలు చూసే నౌజవాన్లున్నారు. ‘డై తెప్పించుకుంటే చాలు’ అనుకుంటారు. డై అంటే మన సాంచానే. కాల్చాక ఉబ్బిన ఇత్తడి ఖోల్‌ని ఫుల్ లెంగ్త్ డై నిలువునా నొక్కుతుంది, నెక్ డై మెడ వరకే. డైని అతిగా దించితే ఖోల్ భుజం మరీ వెనక్కి పోతుంది. అలా కొన్నిసార్లయ్యాక అడుగు దగ్గర ఇత్తడి తెగి, మంట కాల్చేవాడి మొహం మీదికే వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన సర్దుతారు.

ఇంత నాజూకు పని. మనకి అసలు మసలా మాత్రం ఖానూన్. 1959 ఆయుధాల చట్టం కార్తూస్ భాగాలనూ, తయారుచేసే యంత్రాలనూ ‘అమ్యూనిషన్’ కిందే లెక్కగట్టింది. చిటికెడు బారూద్ లేకపోయినా పార్సిల్‌లోని ఉక్కు ముక్క కేసుకి చాలొచ్చు. ఠాణాలో మన పిల్లాడు ‘శౌక్ కోసం సాబ్’ అంటే ఎంతమంది నమ్ముతారో అమ్మీజాన్లకి చెప్పక్కర్లేదు.

శౌక్ గునాహ్ కాదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తోనే. దానికి బారూద్ వద్దు, సాంచా వద్దు, సీసపు ఛర్రా చాలు. పిల్లాడి చేయిపట్టి ముందు ఏదైనా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లండి.