పరీక్షకు నిలిచిన నమ్మకం

ఆసుపత్రిలో, బ్యాంకులో, రైల్వే కౌంటరులో నేడు మనం కంప్యూటర్ ప్రోగ్రాములను నమ్మి బ్రతుకుతున్నాం. వాటిని పరీక్షించే ఉద్యోగంలో ఉన్న బిడ్డలు మన ఇళ్లలోనూ ఉన్నారు. "టెస్టింగేనా?" అని పెద్దలు చులకనగా అడగటమూ వింటుంటాం. ఆ పని విలువ తెలియాలంటే థెరాక్-25 ఉదంతం తెలుసుకోవాలి.

అది కెనడాలో తయారైన, క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స చేసే యంత్రం. 1985 జూన్ నుండి 1987 జనవరి వరకు అమెరికా, కెనడాలలో ఆరుగురికి అది మోతాదుకు ఎన్నో రెట్లు మించి రేడియేషన్ ఇచ్చింది. వారిలో కొందరు మరణించారు.

పాత నమూనాలలో ప్రమాదాన్ని అడ్డుకునే విడి పరికరాలు ఉండేవి. కొత్తదానిలో వాటిని తొలగించి, ఆ బాధ్యతను ప్రోగ్రాముకే అప్పగించారు. అందులో కొంత భాగం పాత యంత్రాలలో ఏళ్ల తరబడి నడిచినదే కదా అన్న ధీమా! నిజానికి దోషం అక్కడా ఉంది; అడ్డుపరికరాలు దానిని బయటపడనీయలేదు, అంతే.

టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో 1986 మార్చిలో ఒక రోగి ప్రమాదానికి గురయ్యాడు. ఇంజనీర్లు వచ్చి చూశారు, లోపం దొరకలేదు. యంత్రాన్ని మళ్లీ వాడారు. ఏప్రిల్‌లో మరొకరు బలయ్యారు. అప్పుడు ఆ ఆసుపత్రి భౌతిక శాస్త్రవేత్త, యంత్రం నడిపే ఉద్యోగిని కలిసి, ఆనాడు నొక్కిన మీటలనే పదే పదే నొక్కి చూశారు. రహస్యం తేలింది. చికిత్స రకాన్ని పొరపాటుగా టైపు చేసి ఎనిమిది సెకన్లలోపే దిద్దితే, తెరపై సవరణ కనిపించేది గాని యంత్రం దానిని పూర్తిగా గ్రహించేది కాదు. నిదానంగా టైపు చేసినవారికి కనిపించని దోషం, చేయి తిరిగిన ఉద్యోగిని వేగానికి బయటపడింది.

ఇన్నాళ్లూ ఏమీ కాలేదన్నది నిదర్శనం కాదు. ప్రోగ్రాము పనిచేస్తుందని చూపటానికి కాక, ఎక్కడ విఫలమవుతుందో వెదకటానికే పరీక్ష. నిదానపు చేతితో, వేగపు చేతితో, తప్పుడు అంకెతో, హద్దు దాటిన అంకెతో పరీక్షించాలి. దిద్దిన ప్రతిసారీ పాత పరీక్షలన్నీ మళ్లీ జరపాలి. అప్పటికీ దోషమే లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని నిలిచిన ప్రతి పరీక్షా మన నమ్మకానికి ఒక ఆధారం.

ఇతరుల ప్రాణం, ధనం మన చేతి పనిపై ఆధారపడినప్పుడు అది అమానతు. "ఇంకా సిద్ధం కాలేదు" అని విడుదలను ఆపించి, ఆలస్యంగా ఇల్లు చేరిన బిడ్డను ఇకపై మందలించకుండా, ఏ దోషం దొరికిందో ఆసక్తిగా అడుగుదాం.