గెలుపును ఎక్కడ వెతుక్కుంటున్నాం?

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో వరకట్నం మీద, పర్యావరణం మీద, 'యువత - చెడు అలవాట్లు' మీద వ్యాసాలు వస్తూనే ఉంటాయి. చెడు అలవాట్లు అనగానే గుట్కా, సిగరెట్, మందు గుర్తుకొస్తాయి. రాత్రి పదకొండు దాటాక మన గదుల్లో దుప్పట్ల కింద వెలిగే సెల్‌ఫోన్ల గురించి మాత్రం ఎవరూ రాయరు. రాసేవాడి పక్క మంచం మీదే ఆట నడుస్తుంటుంది కదా! ఈసారి పీజీ చదువుతున్న మేము కొందరం కూర్చుని ఆ విషయమే రాద్దామనుకున్నాం. తమ్ముళ్లను తిట్టడానికి మాత్రం కాదు.

అసలు ఈ ఫోను మన చేతికి ఎలా వచ్చింది? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్లు మూశారు. ట్రంకు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయాం. ఆ ఏడాది సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా బడి పిల్లలకు పాఠాలు మొదలయ్యాయి. కాలేజీ పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి. ఫోను లేకుంటే చదువు లేదన్నారు. కొందరి ఇళ్లలో మేకలు అమ్మారు. కొందరి అమ్మలు పొదుపు సంఘంలో అప్పు తీశారు. పత్తి ఏరిన కూలి అంతా కలిపి ఫోను కొన్న ఇళ్లూ ఉన్నాయి.

విచిత్రం ఏమిటంటే, ఆ పాఠాలు మొదలైన మరునాడే, సెప్టెంబర్ 2న, కేంద్ర ప్రభుత్వం పబ్జీ సహా 118 యాప్‌లను నిషేధించింది. అది పిల్లల చదువు కోసం కాదు, దేశ భద్రత పేరుతో. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది. 2022 జూలైలో మళ్లీ పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధిస్తే ఫ్రీ ఫైర్ మ్యాక్స్ దొరికింది. నిషేధం వచ్చినప్పుడల్లా ఆట పేరు మారింది గాని, ఆడే చేతులు మారలేదు.

ఎందుకు ఆడుతున్నావురా అంటే 'టైంపాస్ అన్నా' అంటారు. మేము నమ్మం. టైంపాస్ అయితే ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రయినా ఆగాలి కదా. అసలు కారణం చెప్పుకోవడానికి కొంచెం మొహమాటంగా ఉంటుంది. ఊళ్లో సర్కారు బడిలో తెలుగు మీడియం చదివి వచ్చినవాడు పట్నం కాలేజీలో చివరి బెంచీలో కూర్చుంటాడు. జవాబు తెలిసినా ఇంగ్లిష్‌లో చెప్పలేక నోరు తెరవడు. ఏడాది గడిచినా లెక్చరర్‌కు వాడి పేరు తెలియదు. కొత్తగా పరిచయమైనవాడు రెండో ప్రశ్నగా ఇంటిపేరు అడుగుతాడు, మూడో ప్రశ్నగా సీటు ఏ కోటాలో వచ్చిందని అడుగుతాడు. అదే రాత్రి వాడు ఆటలోకి దిగితే, ఎక్కడో ఇండోర్‌లోనో గౌహతిలోనో ఉన్న కుర్రాడు 'భాయ్, నువ్వు ముందు నడువు, నీ వెనకే వస్తాం' అంటాడు. అక్కడ ఇంటిపేరు ఎవరూ అడగరు. రోజంతా ఎవరికీ అక్కరలేని మనిషి రాత్రి పన్నెండింటికి ఒక జట్టుకు నాయకుడు అవుతాడు. ఇది అర్థం చేసుకోకుండా 'ఆ దిక్కుమాలిన ఆట మానెయ్' అంటే ఎవరి చెవికీ ఎక్కదు.

అయితే ఆ గౌరవం ఎంతవరకు నిజమో కూడా చూడాలి. కొత్తగా చేరినవాడికి మొదటి ఆటల్లో ఎదురయ్యే శత్రువుల్లో చాలామంది మనుషులే కాదు, కంప్యూటర్ నడిపే బొమ్మలు. ఆడేవాళ్లు వాటిని బాట్‌లు అంటారు. సులభంగా చస్తాయి. ఆ తొలి గెలుపు మన ప్రతిభ అనుకుంటాం. అది కంపెనీ వేసిన ఎర. ఇక రాత్రులు మేలుకొని తెచ్చుకున్న ర్యాంకు సీజన్ మారగానే కిందికి దిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి ఎక్కాలి. (డిగ్రీ పట్టా అలా దిగిపోదు. ఒకసారి వస్తే వచ్చినట్టే.) రోజూ ఒకసారి తెరిస్తే బహుమతి, తెరవకపోతే అది పోతుంది. పెట్టె తెరిస్తే ఏమొస్తుందో ముందు తెలియదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి ఈ సంగతి ఏనాడో చూపించాడు. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ పడితే పావురం ఆకలి తీరగానే ఊరుకుంటుంది. ఎన్నోసారికి పడుతుందో తెలియనప్పుడు మాత్రం వదలకుండా పొడుస్తూనే ఉంటుంది. మన బొటనవేళ్లు చేస్తున్నదీ ఆ పనే. తుపాకీకి వేసే రంగు కోసం కాస్మెటిక్ ఛార్జీల డబ్బులు పెట్టినవాళ్లు కూడా మన మధ్య ఉన్నారు. డబ్బులు పందెం కాసే ఆటల మీద 2017లో మన రాష్ట్రం, 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టాలు చేశాయి. ఈ రంగుల ఖర్చు వాటి కిందికి రాదు.

ఆడే ప్రతివాడూ రోగి అని మేము అనడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'గేమింగ్ డిజార్డర్'ను జబ్బుల పట్టికలో చేర్చింది. 2022 జనవరి నుంచి ఆ పట్టిక అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లకు కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇదంతా మామూలుగా ఏడాది పాటు సాగడం - ఇవి గుర్తులు. ఆడేవాళ్లలో ఈ స్థితికి వచ్చేది కొద్దిమందే అని ఆ సంస్థే చెప్పింది. కాని మనకు రోగం దాకా పోనక్కరలేదు, అంతకు ముందే మునిగిపోతాం. ఒక ఆట దాదాపు అరగంట. రాత్రికి ఐదు ఆటలంటే రెండున్నర గంటలు. 300 రాత్రులకు 750 గంటలు. ఆ నిద్ర పొద్దున క్లాసులో తీరుతుంది, లేదా క్లాసుకే పోకుండా తీరుతుంది. హాజరు 75 శాతం లేకుంటే స్కాలర్‌షిప్ ఆగుతుంది. డబ్బున్నవాళ్ల పిల్లలు ఒక ఏడాది పోతే ఫీజు కట్టి మళ్లీ రాసుకుంటారు. మనకు ఏడాది పోతే ఫీజూ పోతుంది, హాస్టల్ సీటూ పోతుంది. మా మధ్య ఉన్న ఒక తమ్ముడు సెకండియర్‌లో అలాగే వెళ్లిపోయాడు. లెక్కల్లో మా అందరికంటే చురుకైనవాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో బండి మీద పార్సిళ్లు వేస్తున్నాడు. పని చేసుకుని బతకడం చిన్నతనం కాదు. కాని వాళ్లమ్మ అప్పు చేసి ఫోను కొన్నది వాడి డిగ్రీ కోసం.

ఫోన్లు లాక్కోవడం ఒక మార్గం అంటారు. ఒక ఏడాది ఫోన్లన్నీ బీరువాలో పెట్టించారు. వారం తిరగకముందే సెకండ్‌హ్యాండ్ ఫోన్లు దిగాయి. పైగా స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఓటీపీ కావాలి, ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తాలి. దక్షిణ కొరియాలో 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 దాకా కంప్యూటర్ ఆటలు ఆడరాదని 2011లో చట్టం తెచ్చారు. ఆటలేమో సెల్‌ఫోన్లకు మారిపోయాయి. పదేళ్లకు, 2021లో, ఆ చట్టాన్ని ఎత్తివేయాలని వాళ్లే నిర్ణయించుకున్నారు.

మా ఉద్దేశం ఏమిటంటే, హాస్టల్‌లో ఈ అలవాటు జట్టుగా అంటుకుంటుంది కాబట్టి జట్టుగానే వదలాలి. ఒక్కడు మానేస్తే మిగతా ముగ్గురూ 'ఒక్క మ్యాచ్‌రా, మనిషి తక్కువయ్యాడు' అని లాగుతారు. స్నేహం కోసం వెళ్లినవాడు తెల్లారిదాకా లేవడు. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత 14వ నంబర్ గదిలో నలుగురూ ఒక మాట అనుకున్నారు. ఆట తీసేయలేదు. రాత్రి పది కాగానే నాలుగు ఫోన్లూ ఒక ట్రంకులో, తాళంచెవి పక్క గదిలో. ఫోను సెట్టింగుల్లో రోజుకు ఎన్ని గంటలు చూశామో కనబడుతుంది కదా, ఆ అంకె గోడ మీద రాసేవారు. మొదటి వారం చిన్న మాటకే చిరాకు, పప్పు నీళ్లగా ఉందని మెస్‌లో గొడవ, పడుకుంటే నిద్ర రాదు. రెండో వారానికి తగ్గింది. అందరూ పూర్తిగా మానేశారని చెప్పం, ఇద్దరు ఆదివారం పూట ఇంకా ఆడుతున్నారు. కాని నలుగురూ పొద్దున క్లాసుకు పోతున్నారు. వాళ్లలో ఒకడు ఈ ఏడాది మన హాస్టల్ వాలీబాల్ జట్టుకు కెప్టెన్.

ఇంతచేసినా వదలనివాడు ఉంటే వాణ్ని ఎగతాళి చేయకండి. 14416 కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. ఇలాంటివారి కోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ప్రత్యేకంగా ఒక క్లినిక్ నడుస్తోంది. డాక్టర్ దగ్గరికి పోతే పిచ్చి అని ఊళ్లో అనుకుంటారని భయపడేవాళ్లకు మేమే తోడు వస్తాం.

ఇక మిగిలింది సాయంత్రాలు. ఆటలో దొరికే పేరు, జట్టు, పోటీ హాస్టల్‌లోనూ దొరకాలంటే వాటికి చోటు కావాలి. మన గ్రౌండ్‌లో లైటు లేదు, ఆరున్నర దాటితే బంతి కనబడదు. రీడింగ్ రూం తొమ్మిదింటికే మూస్తున్నారు. గ్రౌండ్‌కు రెండు లైట్లు, కొత్త వాలీబాల్ నెట్టు, రాత్రి 11 దాకా రీడింగ్ రూం, వారానికి ఒకరోజు సీనియర్ల దగ్గర ఇంగ్లిష్ మాట్లాడే తరగతి - ఇవి కావాలని వార్డెన్ సార్‌కు ఇవ్వడానికి దరఖాస్తు రాశాం. ఇప్పటికి 41 సంతకాలు అయ్యాయి. కాగితం 14వ నంబర్ గదిలో ఉంది. మిగతావాళ్లు వచ్చి చేయవచ్చు.