ఆళ్లగడ్డ డీఎన్ఏ

మాది ఆళ్లగడ్డ అని హైదరాబాద్‌లో ఎవరికి చెప్పినా ముందు ఒక నవ్వు వస్తుంది. ఆ తర్వాత, "అమ్మో, మీతో జాగ్రత్తగా ఉండాలి బాస్, మీ డీఎన్ఏలోనే బాంబులుంటాయి కదా!" అంటారు. ఊరికి పోతే ఇంకో రకం. నంద్యాలలో దిగి ఆళ్లగడ్డ బస్సెక్కే లోపు, ఎన్నికల కాలమైతే, ఎక్కడో ఒక మైకు అరుస్తుంటుంది: పౌరుషం మన సీమ రక్తంలోనే ఉందని, మాట తప్పకపోవడం మా వంశం డీఎన్ఏలోనే ఉందని. అక్కడ ఎగతాళి, ఇక్కడ పొగడ్త. రెండూ చెప్పేది ఒకటే: మనిషి ఎట్లాంటివాడో పుట్టుకే తేల్చేస్తుందని.

పాత మాటే. దానికి సైన్సు పేరు తగిలించడం మీదే నా పేచీ.

డీఎన్ఏతో మనిషిని ఎట్లా గుర్తుపడతారో ఒకసారి చూడండి. ఏ ఇద్దరి డీఎన్ఏ పక్కపక్కన పెట్టినా దాదాపు 99.9 శాతం ఒకటే. మిగిలిన ఆ కాస్తలో కొన్ని చోట్ల ఒక చిన్న ముక్క, ఉదాహరణకు జీ-ఏ-టీ-ఏ, నత్తిలాగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఒక చోట మీకు అమ్మ నుంచి 8 సార్లు, నాన్న నుంచి 11 సార్లు వచ్చి ఉండొచ్చు. నాకు 9, 12. ఆ ఒక్క చోటే చూస్తే మనతో కలిసేవాళ్లు బోలెడుమంది. అట్లాంటివి 20 చోట్ల లెక్కపెడితే, అచ్చుగుద్దినట్టుండే కవలలు తప్ప ఇంకొకరితో అన్నీ కలవడం దాదాపు జరగని పని.

ఈ లెక్కపెట్టే చోట్లు ప్రోటీన్లు తయారుచేసే భాగాలు కావు. కోపం గురించి, ధైర్యం గురించి వాటిలో ఏమీ రాసి లేదు. మీరెవరో చెప్తాయి, మీరెట్లాంటివాళ్లో చెప్పవు. వంశం గొప్ప చెప్పుకునేవాళ్లు ఇంకోటి కూడా వినాలి. 1984లో ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ ఈ పద్ధతి కనిపెట్టాక, హైదరాబాద్ సీసీఎంబీలో లాల్జీ సింగ్ మన దేశానికి సొంత పద్ధతి తయారుచేశారు. ఆయనకు దారి చూపించింది కట్లపాము జాతి పాములో దొరికిన జీ-ఏ-టీ-ఏ వరసలు. ఆ వరసలు పాములోనూ ఉన్నాయి, మనలోనూ ఉన్నాయి. పౌరుషం ఎవరిదనుకోవాలి?

2012లో ఒకప్పటి మన గవర్నరు ఎన్.డి. తివారీ పితృత్వ కేసులో పరీక్ష చేసింది కూడా హైదరాబాద్ సీడీఎఫ్‌డీనే. ఎవరి కొడుకో తేలింది. అంతవరకే దాని పని. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయి అందులోని 19 మంది చనిపోయినప్పుడు, గుర్తుపట్టలేని శరీరాలను ఇంటివాళ్ల శాంపిళ్లతో పోల్చే అప్పజెప్పారు. అక్కడ ఈ సైన్సుకు చేతులెత్తి మొక్కాలి.

కానీ మొక్కుబడి కోర్టు దాకా పోకూడదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. ఆ కేసులో నందిగామ వైపు పేద యువకుడికి 2010లో శిక్ష పడింది. ప్రాసిక్యూషన్ చేతిలోని పెద్ద ఆయుధం డీఎన్ఏ నివేదిక. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అంది, లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. అప్పటికి ఎనిమిదేళ్లకు పైగా జైల్లోనే గడిచిపోయింది. నివేదిక కలిసిందా లేదా అని మాత్రమే చెప్తుంది. ఆ శాంపిల్ ఎవరు తీశారు, ఎక్కడ దాచారు, ఎవరి చేతులు మారింది అన్నది మనుషుల్ని నిలదీసి తెలుసుకోవాల్సిందే.

రక్తంలోనే నేరముంటుందన్న నమ్మకం ఒకప్పుడు చట్టమే. 1911 నాటి క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ అదే. దాని కిందే స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను పుట్టుదొంగలని ముద్రవేసి కాపలాలో పెట్టారు. మనమేమో ఆ మాటను జోకులేసుకుంటూ బతికిస్తున్నాం. 2022లో వచ్చిన చట్టం అరెస్టయినవాళ్ల జీవ నమూనాలు తీసుకోవడానికి, రికార్డులు 75 ఏళ్లు దాచడానికి వీలిచ్చింది. డీఎన్ఏ ల్యాబులకు నియంత్రణ పెడతామన్న బిల్లును మాత్రం 2023లో వెనక్కి తీసుకున్నారు. ముందు ఎవరి శాంపిల్ తీస్తారు? ఎవరి రక్తం మీద మనకు ముందే అనుమానముందో వాళ్లదే.

ఆళ్లగడ్డలో శిల్పులున్నారు. రాతిని దేవుణ్ణి చేస్తారు. వాళ్లనూ "రక్తంలోనే ఉంది కళ" అంటారు. రక్తంలో ఏమీ లేదు. చిన్నప్పటి నుంచి ఉలి పట్టించి, చెయ్యి జారితే మందలించి నేర్పిన పెద్దలున్నారు. కత్తి పట్టడమూ అంతే, ఎవరో పట్టిస్తేనే పడతారు. పట్టించినవాళ్ల పేర్లు అడగకుండా ఉండటానికే మనకు ఈ డీఎన్ఏ మాట కావాలి.

ఈసారి ఎవరైనా "మీ డీఎన్ఏలోనే ఉంది" అంటే నేను నవ్వదల్చుకోలేదు. ఏ చోట ఉందో, ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి చూపించమంటాను.