పసి అడుగులు

సూళ్లూరుపేట దాటి తూర్పుదిశగా సాగే రహదారి పులికాట్ సరస్సు నడుమగా పయనించి శ్రీహరికోటను చేరుతుంది. చలికాలంలో ఆ దారికి ఇరువైపులా లోతులేని ఉప్పునీటిలో ఫ్లెమింగోలు పొడవైన కాళ్లతో అడుగులో అడుగు వేసుకుంటూ ఆహారం వెదుక్కొంటూ ఉంటాయి. వాటికి తొందర ఉన్నట్లు ఎన్నడూ కనిపించదు. రాకెట్ ప్రయోగం జరిగే రోజున మాత్రం ఆ దారిన పోయే మనుషుల తొందరకు అంతుండదు. సామాన్య ప్రజలు ప్రయోగాలను ప్రత్యక్షంగా తిలకించడానికి వీలుగా 2019లో సుమారు ఐదువేలమంది కూర్చొనగల వీక్షణశాల శ్రీహరికోటలో ప్రారంభమైంది. అప్పటినుంచి దూరప్రాంతాల కుటుంబాలు కూడా పిల్లాపాపలతో తరలివస్తున్నాయి.

ఆ జనప్రవాహంలో తరచు కంటబడే దృశ్యం ఒకటుంది. వాహనం దిగగానే తల్లి రెండేళ్ల కూతురిని చంకనెత్తుకొంటుంది. ఆ పసిది కిందికి దిగుతానని కాళ్లు తన్నుకొంటుంది. దారిపక్క సరుగుడు చెట్ల కింద రాలిన చిన్నచిన్న కాయలను ఏరుకోవాలని దాని కోరిక. “ఇప్పుడు కాదు, ఆలస్యమవుతుంది” అంటూ తల్లి పరుగు వంటి నడకతో సాగిపోతుంది. ప్రయోగం ముగిసిన తరువాత కథ తారుమారవుతుంది. ఎండకు, జనానికి, శబ్దానికి అలసిపోయిన బిడ్డను ఇప్పుడు నేలమీద దింపి, “నడువమ్మా, అమ్మకు చేతులు నొప్పులు పుడుతున్నాయి” అంటారు. బిడ్డ రెండు చేతులూ పైకెత్తి “ఎత్తుకో” అని ఏడుపు లంకించుకొంటుంది. నడుస్తానన్నప్పుడు నడవనివ్వక, నడవలేనన్నప్పుడు నడిపించి, చివరకు “మా పాపకు రెండడుగులు వేయడం కూడా బద్ధకమే” అని బంధువులతో చెప్పుకోవడం పెద్దలకు పరిపాటి అయింది.

పిల్లలు నడవరన్న ఈ నింద ఎంతవరకు సబబు? తెలుగువారి ఇళ్లలో బిడ్డ తొలి అడుగు ఒక పండుగ. బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు చేసి ఇరుగుపొరుగులకు పంచిపెట్టిన సంప్రదాయం మనది. కాళ్లకు మువ్వల పట్టీలు తొడిగి, ఆ సవ్వడి వింటూ ఇల్లంతా తిరగమని బిడ్డను ఉత్సాహపరిచారు పూర్వులు. ఆ అడుగు కోసం అంతగా ఎదురుచూసినవారే, ఆరునెలలు గడిచేసరికి అదే అడుగు నెమ్మదిగా పడుతున్నదని విసుగుకొంటారు. అరిసెలు పంచినంత వేగంగా ఓపిక కూడా పంచిపెట్టినట్లున్నారు!

పసిపిల్లల నడకను శాస్త్రజ్ఞులు శ్రద్ధగా లెక్కించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశంతో సహా ఐదు దేశాల శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఆరోగ్యవంతులైన పిల్లలు ఎనిమిది నెలలు దాటినది మొదలు పదిహేడున్నర నెలలలోపు ఎప్పుడైనా ఆసరా లేకుండా నడవడం ఆరంభించవచ్చు. పొరుగింటి బిడ్డ పది నెలలకే నడిచిందని బెంగపడవలసిన పనిలేదు. అయితే పద్దెనిమిది నెలలు నిండినా ఒంటరిగా అడుగు వేయని బిడ్డను వైద్యునికి చూపించడం మంచిది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్, ఆమె సహచరులు 2012లో ప్రచురించిన పరిశోధన మరింత ఆశ్చర్యం గొలుపుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసుగల పిల్లలు తమంతట తాము ఆడుకొనేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేశారు. సుమారు 700 మీటర్ల దూరం తిరిగారు. ఆ గంటలోనే పదిహేడు సార్లు పడ్డారు, పడిన ప్రతిసారీ లేచారు.

గంటలో 700 మీటర్లు తిరగగల బిడ్డ, అంగడికి పోయే రెండువందల మీటర్ల దారిలో ఎందుకు చేతులు చాస్తుంది? కాళ్లలో శక్తి లేక మాత్రం కాదు. పెద్దలకు నడక అంటే ఒకచోటినుంచి మరొకచోటికి చేరే సాధనం. బిడ్డకు అట్లా కాదు. ఆమె నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, చీమలబారును చూస్తుంది, వెనక్కు వస్తుంది, మళ్లీ పోతుంది. గమ్యం అనే ఊహ ఆ వయసులో ఇంకా రూపుదిద్దుకోలేదు. ఎక్కడికో తెలియని తిన్నని దారిలో, ఆగకుండా, పెద్దల వేగంతో నడవమనడం బిడ్డకు అర్థంకాని ఆజ్ఞ.

ఇందులో మరొక మర్మం కూడా ఉంది. లండన్ ఉద్యానవనాలలో తల్లులను, పిల్లలను గమనించి ఆండర్సన్ అనే పరిశోధకుడు 1972లో ఒక విషయం వెల్లడించాడు. తల్లి ఒకచోట కుదురుగా కూర్చొని ఉన్నంతసేపూ బిడ్డ చుట్టూ తిరిగి వస్తుంది. కొంతదూరం పోయి, తల్లి ఉన్నచోటును చూసుకొని, మళ్లీ చేరువవుతుంది. తల్లి లేచి నడక ప్రారంభించగానే బిడ్డ ఉన్నచోటనే నిలిచిపోతుంది, లేదా ఎత్తుకొమ్మని మారాం చేస్తుంది. కదలని కేంద్రం చుట్టూ తిరగడం బిడ్డకు తెలుసు. కేంద్రమే కదిలిపోతుంటే దాని వెంటబడడం ఇంకా తెలియదు. గానుగ చుట్టూ తిరిగే ఎద్దును ఒక్కసారిగా బండికి కట్టినట్లే ఇదీ. కనుక “ఎత్తుకో” అనే మాటలో బద్ధకాన్ని కాక, “నన్ను వదిలిపోకు” అనే వేడుకోలును వినవలసి ఉంటుంది.

ఈ సంగతి గ్రహించిన తల్లిదండ్రులకు ఉపాయం దానంతటదే తోస్తుంది. దారినంతటినీ ఒక్క గుక్కలో మింగవలసిన పనిలేదు. ఇంటినుంచి మలుపు వద్ద ఉన్న వేపచెట్టు వరకు తండ్రి ముందుగా పోయి, అక్కడ నిలిచి, బిడ్డ వైపు తిరిగి చేయి చాచాలి. బిడ్డ చేరుకొన్న తరువాత అక్కడ కాస్త ఆగాలి. ఆపైన మంచినీళ్ల కొళాయి, ఆపైన పచ్చరంగు తలుపు ఉన్న ఇల్లు. కదిలే కేంద్రం ఈ విధంగా వరుసగా నిలిచే కేంద్రాలుగా మారుతుంది. సాయంకాలం సూళ్లూరుపేటలో చెంగాళమ్మ గుడికి పోయే కుటుంబం ఈ పద్ధతిని పదిరోజులు పాటించి చూస్తే తేడా తెలుస్తుంది. మొదటిరోజు రెండు మలుపులు నడిచిన బిడ్డ, పదవరోజుకు మూడవ మలుపును తానే వేలెత్తి చూపుతుంది. ఒకటి రెండు రోజులు మధ్యలోనే ఎత్తుకోవలసి వచ్చినా అది ఓటమి కాదు. జ్వరం తగిలి లేచిన వారంలోనైతే ఆ ప్రయత్నమే వద్దు.

బిడ్డకు ఏదైనా ఒక పని అప్పగించడం కూడా మేలుచేస్తుంది. గుడికి తీసుకుపోయే పూలపొట్లమో, అంగడినుంచి తెచ్చే కొత్తిమీరకట్టో చేతిలో ఉంటే తాను మోయబడే మూట కాదని, తానే ఒక బరువు మోసే మనిషినని బిడ్డకు అనిపిస్తుంది. ఆ గర్వంతో నడిచే దూరం, మిఠాయి ఆశచూపి నడిపించే దూరంకంటే ఎక్కువ. మిఠాయి అయిపోగానే నడకా అయిపోతుంది మరి. “ఇంకొంచెమే, అదిగో వచ్చేసింది” అని అబద్ధం చెప్పి నడిపించడం అంతకంటే చెడ్డ అలవాటు. రెండుమార్లు మోసపోయిన బిడ్డ మూడవమారు మొదటి అడుగులోనే కూర్చుండిపోతుంది. “ఆ అరుగు వరకు నడువు, అక్కడినుంచి ఎత్తుకొంటాను” అని చెప్పినవారు, అరుగు చేరగానే బిడ్డ అడగకముందే ఎత్తుకోవాలి. మాట నిలిచిందన్న నమ్మకం కుదిరిన బిడ్డ మరునాడు అరుగు దాటి నడవడానికి సాహసిస్తుంది.

వీటన్నింటికీ కావలసింది తీరిక. పావుగంటలో చేరవలసిన చోటికి ముప్పావుగంట ముందుగా బయలుదేరాలి. ఉద్యోగాలకు పరుగెత్తే దంపతులకు ప్రతిరోజూ ఇది సాధ్యంకాదన్న మాట నిజమే. ఉదయం బడి ఆటో తలుపు వద్ద నిలిచినప్పుడు బిడ్డను ఎత్తుకొని ఎక్కించడంలో తప్పులేదు. కానీ ఆదివారం సాయంత్రమూ అదే తొందర ఎందుకన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఒకటి రెండేళ్ల పిల్లలు రోజు మొత్తంమీద కనీసం మూడు గంటలు ఏదో ఒక రూపంలో కదలాలని, ఒక్కవరసన గంటకు మించి వారిని బండిలోగాని, పెద్దల వీపునగాని కట్టి ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఆ మూడు గంటలలో కొంతభాగమైనా దారి మీద గడిస్తే బిడ్డకు ఊరు తెలుస్తుంది. చంకన ప్రయాణించే బిడ్డకు తెలిసేది తల్లి భుజం వెనుక వెనక్కు జారిపోయే ఊరు మాత్రమే.

పిల్లల నడకను పొగిడేవారు మరచిపోయే మరొక పార్శ్వం ఉంది. పొలం పనులకు పోయే తల్లి వెంట మూడేళ్ల బిడ్డ మైళ్లకొద్దీ నడవడం పల్లెల్లో కొత్త కాదు. తలమీద గడ్డిమోపు, చేతిలో కొడవలి ఉన్న తల్లికి బిడ్డను ఎత్తుకోవడానికి చంక ఖాళీ ఉండదు. “మా కాలంలో పిల్లలు ఎంత నడిచేవారో!” అని నిట్టూర్చేవారు ఆ బిడ్డ చెప్పులులేని పాదాల కింద కాలిన నేలను కూడా గుర్తుంచుకోవాలి. అది గత్యంతరం లేని నడక. దానిని ఆదర్శంగా చూపి, ఏడుస్తున్న బిడ్డను ఈడ్చుకుపోవడం న్యాయం కాదు. ఇసుకనేల మధ్యాహ్నానికి పెనంలా కాలే ఈ తీరప్రాంతంలో పసివారిని నడిపించదలచినవారు ఉదయాన్నో, ఎండ వాలిన తరువాతనో బయలుదేరాలి.

దారి కూడా నడవదగినదై ఉండాలి. అంతరిక్ష కేంద్రం ఉద్యోగుల నివాసాలలో చెట్లనీడ, వాహనాల రద్దీలేని వీధులు పసివారికి దొరికిన భాగ్యం. అది మన పట్టణాలలో ఎందరికి దక్కుతున్నది? కాలిబాట ఉన్నచోట దానిమీద బండ్లు నిలిచి ఉంటాయి. కాలిబాట లేనిచోట మురుగుకాలువ అంచే బిడ్డ నడవవలసిన దారి. అటువంటిచోట తల్లి బిడ్డను చంకనెత్తుకోవడాన్ని అతిగారాబం అనడం అన్యాయం. ఆ తప్పు వీధిది.

నడిపించడం వేరు, వదిలివేయడం వేరు. శ్రీహరికోట ఉన్న తిరుపతి జిల్లాలోనే తిరుమల మెట్లదారి ఉంది. అలిపిరినుంచి కొండపైకి సుమారు తొమ్మిది కిలోమీటర్ల మేర 3,550 మెట్లు ఉన్నాయి. మొక్కుకొన్న కుటుంబాలు పసిపిల్లలను కొంతదూరం నడిపిస్తూ, కొంతదూరం మోస్తూ ఎక్కడం తరతరాలుగా వస్తున్నదే. 2023 ఆగస్టులో ఆ దారిలో ఆరేళ్ల బాలిక చిరుతపులి దాడిలో ప్రాణాలు కోల్పోయింది. ఆ దుర్ఘటన తరువాత పదిహేనేళ్లలోపు పిల్లలను మధ్యాహ్నం రెండుగంటలు దాటితే నడకదారుల్లోకి అనుమతించరాదని తిరుమల తిరుపతి దేవస్థానం నిర్ణయించింది. అడవి లేని పట్టణంలో పులిస్థానాన్ని లారీ ఆక్రమించుకొని ఉంటుంది. బిడ్డ ఎంత నెమ్మదిగా నడిచినా, ఎన్నిమార్లు ఆగినా, ఆమె వేలు పెద్దల చేతిలో ఉండవలసిన చోట్లు ఉన్నాయి. రోడ్డు దాటేవేళ బిడ్డ స్వేచ్ఛను గురించి తర్కించరాదు, చేయి పట్టుకోవాలి.

శ్రీహరికోటకు నెమ్మదితనం కొత్త కాదు. ఇక్కడి రెండవ ప్రయోగవేదిక కోసం రాకెట్‌ను ఒక భవనంలో నిలువుగా కూర్చి, ఒక కిలోమీటరు దూరంలోని ప్రయోగస్థలానికి పట్టాలమీద తరలిస్తారు. వేలాది కిలోమీటర్లు దూసుకుపోవలసిన వాహనం ఆ మొదటి కిలోమీటరును మనిషి నడకకంటే నెమ్మదిగా దాటుతుంది. దానిని తొందరపెట్టేవారు ఎవరూ లేరు. 1979 ఆగస్టు 10న ఇక్కడినుంచి ఎగిరిన ఎస్‌.ఎల్‌.వి.-3 బంగాళాఖాతంలో కూలిపోయింది. మరుసటి ఏడాది జూలై 18న అదే నమూనా వాహనం రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఒక్కసారి పడిన రాకెట్టుకు దాదాపు ఏడాది గడువిచ్చిన దేశంలో, గంటకు పదిహేడు మార్లు పడి లేచే బిడ్డకు ముప్పావుగంట ఇవ్వడానికి చేతులు రాకపోవడం వింతే.

ఇంతకూ వీక్షణశాలలో ప్రయోగ ఘడియ సమీపించినప్పుడు బిడ్డను తప్పక ఎత్తుకోవాలి. ముందువరుసలోనివారి తలలు అడ్డుపడకుండా, తండ్రి భుజాలమీద కూర్చొని, చెట్లకొనల వెనుకనుంచి లేచే నిప్పుమంటను, కొన్ని క్షణాల తరువాత గాని చెవినిపడని ఉరుమును బిడ్డ అనుభవించాలి. ఎత్తుకోవడం అవసరమైన చోటు అది. పొగ చెదిరిపోయాక ఆమెను నేలమీద దింపవచ్చు. సరుగుడు కాయలు ఏరుకొంటానంటే ఏరుకోనివ్వవచ్చు. సూళ్లూరుపేట వైపు పోయే ఆ ఒక్క దారిమీద బారులుతీరిన వాహనాలు ఎలాగూ అప్పుడే కదలవు.